ఇంటిగదిలో న్యాయస్థానము



విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమును చదివినవారికి ప్రథమాంకమందలి చిన్న వృత్తాంతమొకటి జ్ఞప్తియందుండును. రాక్షసమంత్రి తన భార్యాబిడ్డలను మిత్రుడగు చందనదాసుని యింట దాచి పాటలీపుత్రమును విడిచి పోయెను. ఒకనాడు యమపటమును చూపి పాటలు పాడువాని వేషమున చాణక్యుని గూఢచారి యొకడు ఆ యింట ప్రవేశించెను. వింత చూడవలెనని ఐదేండ్ల బాలుడొకడు లోపలిగదినుండి వెలికి వచ్చెను. లోపల స్త్రీలు కలవరపడిరి. ఒక స్త్రీ గుమ్మమునుండి చేయి చాచి బాలుని పట్టి లోనికి లాగెను. పురుషుని వ్రేలికి చేయించిన ఉంగరమగుటచే అది యామె వ్రేలినుండి జారి, దొర్లి, గూఢచారి పాదములకడ నాగెను. అది రాక్షసుని ముద్రిక. ఆ ముద్రికతో ముద్రింపబడిన లేఖయే పిమ్మట రాక్షసుని యత్నములనన్నిటిని వమ్ము చేసెను.

ఆ తల్లి చేసిన తప్పేమి? బిడ్డ పరుగెత్తినప్పుడు ఏ తల్లియైనను చేయి చాచును. రాజ్యరహస్యమును సంసారమును ఒకే గడపలోపల నుంచినందున వచ్చిన ముప్పు అది.

ఈ మాసమున మేమీ కథను తలచుటకు కారణము కలదు. నేడు న్యాయవాదులగు స్త్రీపురుషులు పలువురు ఇంటిగదిలో కూర్చుండి, కంప్యూటరు మూలమున కోర్టుకు హాజరగుచు, దావాలు దాఖలు చేయుచు, కక్షిదారులతో మాటాడుచు వృత్తి నడపుచున్నారు. వారికి కావలసిన పరికరములను గుఱించి వ్రాయువారు పెక్కుమంది కలరు. ఆ యింట నుండు తల్లికి, అత్తకు, భార్యకు, అక్కకు ఏమి తెలియవలెనో చెప్పువారు మాకు కనబడలేదు. వకీలు పనిచేయు గది తలుపునకు ఈవలి వైపున నుండువారము మనమే గదా. కావున మాకు తెలిసినంత ఇచ్చట చెప్పుచున్నాము.

న్యాయస్థానము ఇంటికి వచ్చుట కేవలము నేటి వింత కాదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 132వ సెక్షను, దేశాచారమును బట్టి నలుగురిలో కనబడుటకు నిర్బంధింపరాని స్త్రీలు కోర్టునకు స్వయముగ రానక్కఱలేదని చెప్పుచున్నది. అట్టివారి వాఙ్మూలమును కమీషను మూలమున ఇంటియొద్దనే వ్రాసికొనుట యెన్నడో ఏర్పడిన పద్ధతి. కొర్నీలియా సొరాబ్జీ 1904లో బెంగాలు కోర్టు ఆఫ్ వార్డ్సు పక్షమున నియమింపబడి, ఘోషాస్త్రీల అంతఃపురములకు తానే వెళ్లి వారి యాస్తి వ్యవహారములను చక్కబెట్టెను. స్త్రీ యను కారణమున ఎవ్వరిని వకీలు వృత్తినుండి త్రోసివేయరాదని చట్టము వచ్చినది 1923లో. నాడు ఇల్లు కదలరాని కక్షిదారు కొఱకు వకీలు గడపగడపకు తిరిగెను. నేడు ఇల్లు కదలలేని వకీలు కొఱకు కోర్టే తెఱపైకి వచ్చుచున్నది.

2003లో మన సుప్రీంకోర్టు, ప్రఫుల్ దేశాయి వ్యాజ్యమున, అమెరికాలోనున్న సాక్షిని వీడియో మూలమున విచారింపవచ్చునని తీర్పు చెప్పెను. అయినను అది దినదిన వ్యవహారమైనది 2020 మార్చిలో కరోనా కట్టడి వచ్చిన పిదపనే. ఆ యేడు ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు దేశమందలి కోర్టులకెల్ల వీడియో విచారణకై మార్గదర్శకముల నొసగెను. మే నెలలో, వీడియో విచారణలకు తెల్లచొక్కాయో, తెల్లచీరయో, తెల్లని సల్వారు కమీజో ధరించి మెడకు తెల్లబ్యాండు కట్టిన చాలునని ప్రకటించెను. వ్యాధి శమించినను పద్ధతి నిలిచెను. 2023 అక్టోబరు 6న, ఏ హైకోర్టును వీడియో విచారణ సౌకర్యమును నిరాకరింపరాదని సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. ఏ విచారణ తెఱపై జరుగును, ఏది జరుగదు అనునది మాత్రము ఆయా కోర్టుల నియమములను బట్టియు న్యాయమూర్తి యనుమతిని బట్టియు నుండును.

మా చెల్లెలు హైకోర్టున న్యాయవాది. మా తల్లి గతించినందున పురిటికి మా యింటికే వచ్చెను. బిడ్డకు మూడవ నెల నిండునప్పటికి వాయిదాలు తరుముకొని వచ్చినవి. మేడగదిలో ఒకమూల ఉయ్యాల, ఒకమూల ఆమె బల్ల. బిడ్డకు పాలిచ్చి, మా చేతికిచ్చి, తెల్లచీరపై నల్లకోటు తొడిగికొని తెఱముందు కూర్చుండెడిది. ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరముననున్న న్యాయమూర్తి యెదుట పది నిమిషములు వాదించి, లేచివచ్చి బిడ్డ నెత్తికొనెడిది. ఆ పది నిమిషములకై పూర్వము రెండు దినములు పోవలసియుండెను. ఇది సామాన్యమైన మేలు కాదు. కాన్పు పిదప వృత్తిని విడిచిన స్త్రీలను మేమెఱుగుదుము. వారికి కొఱవడినది విద్య కాదు, ఆ రెండు దినములే.

అట్టి దినములలో ఒకనాడు మా యింట ముద్రిక జారెను.

చెల్లెలి కంప్యూటరు మొరాయింపగా, ఒక అఫిడవిట్టును అచ్చుతీయుటకై ఆమె దానిని మా పిల్లలు పాఠములు చదువుకొను కంప్యూటరులోనికి దింపెను. వాయిదా తొందరలో దానిని తుడిచివేయుట మఱచెను. ఆ సాయంకాలము భోజనముకడ మా పదేండ్ల కుమారుడు, "అమ్మా, భరణమంటే ఏమిటి?" అని యడిగెను. పాఠములోనిదనుకొని అర్థము చెప్పితిమి. వాడు వెంటనే ఒక స్త్రీ పేరు చెప్పి, "అయితే ఆవిడకు వాళ్లాయన అది ఇవ్వడంలేదా?" అనెను. ఆ పేరు మాకు తెలిసిన పేరు. ఆ మనిషి మేమెఱిగిన మనిషి. చెల్లెలి చేతిలోని ముద్ద చేతిలోనే యుండెను.

పిల్లవానికి ఆ రాత్రియే నచ్చజెప్పితిమి. కాని వినిన చెవిని విననిదిగ జేయు పరికర మింకను పుట్టలేదు. చెల్లెలు కన్నుమూయలేదు. తెల్లవాఱినంతనే, "అక్కయ్యా, ఈ సంగతి ఆమెకు నేనే చెప్పవలెను" అనెను. చెప్పకున్న నామెకు తెలియదు గదా, మేమెవ్వరితో ననుదుము, అని మేమంటిమి. "ఆమె నమ్మినది నన్ను. మీరు మంచివారు గనుక దాగినచో, నేను దాచినట్లు కాదు" అని ఫోనులో ఆమెకు జరిగినదంతయు చెప్పెను. ఆ స్త్రీ కోపించునని మా చెల్లెలు భయపడెను. ఆమె చాలసేపు మాటాడక, తుదకు, "ఇక మీ అక్కగారు నన్ను చూచినప్పుడెల్ల జాలిపడుదురా?" అని మాత్రమడిగెనట. ఆ ప్రశ్న మమ్ము నేటికిని విడువలేదు. రహస్యము పోయినవారికి మొట్టమొదట పోవునది నలుగురిలో మామూలు మనిషిగా నడచు హక్కు. మఱొకతెకు ఇట్లు కాకుండునట్లు వ్రాయుడని ఆమెయే యనుమతించినందున ఇంతవఱకు వ్రాసితిమి. ఊరుగాని గుఱుతులుగాని వ్రాయము.

కక్షిదారు మాటను దాచుట వకీలునకు మర్యాద మాత్రము కాదు, చట్టము. 1872 నాటి సాక్ష్యచట్టమున 126వ సెక్షనుగ నుండిన యీ నియమము, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 132వ సెక్షనులో నున్నది. నేరము చేయుటకై చెప్పిన మాట వంటి కొన్నిటిని మినహాయించి, కక్షిదారు ఒప్పుకొననిదే వకీలు ఆ సంగతులను వెలిపుచ్చరాదు. వ్యాజ్యము ముగిసినను ఈ బాధ్యత తీరదు. వకీలు గుమాస్తాకును ఇది వర్తించును. వకీలు అక్కను, అక్క కొడుకును చట్టము తలవనే లేదు. కావున ఆ లోటును పరికరములచేతను, ఇంటి కట్టుబాటుచేతను మనమే పూరింపవలెను.

మొదటి పరికరము తలుపు. చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను కక్షిదారు మాటను మాత్రమే దాచును, వకీలు మాటను దాచదు. "ఆయన మిమ్ము ఇల్లు వెడలగొట్టిన తేదీ ఏది?" అని వకీలు గట్టిగ అడిగినచో, బదులు వినబడకున్నను కథ సగము తెలియును. తలుపు మూసి, వెలుపల ఒక ఫ్యాను త్రిప్పియుంచుట చవుకైన యుపాయము. కోర్టు తెఱపైకి పోవుటకు ముందు కెమెరాను, మాటను, తెఱపై కనబడు పేరును సరిచూచుకొనవలెను. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసున ఒక వకీలు ఇతరుల కంప్యూటరుతో విచారణకు హాజరుకాగా, అందులో నెవరో అమర్చిన వినోదపు ముసుగు వలన న్యాయమూర్తికి ఆయన మొగము పిల్లికూన మొగమై కనబడెను. లోకము నవ్వెను. పిల్లలాడుకొను యంత్రముతో కోర్టుకు పోరాదను నీతి మాత్రము నవ్వవలసినది కాదు. కోర్టు అనుమతి లేనిదే విచారణను చిత్రించుటయు, చాటుగ ఫోనులో పట్టుటయు కూడదని ఇంటివారును తెలిసికొనవలెను.

రెండవది కంప్యూటరు. వకీలు యంత్రము వకీలుదిగనే యుండవలెను. అంత స్తోమత లేనియింట, ఒకే యంత్రమున వకీలునకు వేఱు ఖాతాయు వేఱు పాస్‌వర్డును ఏర్పఱచినచో, పిల్లల ఖాతానుండి ఆ కాగితములు తెఱచుకొనవు. లేచిపోయిన కొలది నిమిషములకే తెఱ తనంతట తాను తాళము పడునట్లు అమర్పవలెను. లోని పత్రములనన్నిటిని గూఢాక్షరములుగ మార్చియుంచు ఏర్పాటును వాడినచో, యంత్రము దొంగలపాలైనను చదువువారుండరు. ముఖ్యపత్రములకు మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములలో, అందొకటి ఇంటికి వెలుపల నుండవలెనని తెలిసినవారు చెప్పుదురు. మన యమ్మమ్మలు విత్తనములను ఒకే గాదెలో పోయకుండుటకు కారణ మిదియే.

మూడవది ఫోను. వాట్సాపులో పంపిన సందేశము, పంపినవారి ఫోనునుండి అందుకొనినవారి ఫోనువఱకు గూఢాక్షరములుగ పోవును. దారిలో నెవ్వరును చదువలేరు. కాని మన యిండ్లలో ప్రమాదము దారిలో లేదు. భోజనపు బల్లపై వెల్లకిల పడియున్న ఫోను తెఱమీద నున్నది. తాళము వేసిన తెఱపై సందేశములు కనబడకుండునట్లు మార్చుట అరనిమిషపు పని. కక్షిదారులగు సోదరీమణులు మఱియొకటి గమనింపవలెను. ఒక వాట్సాపు ఖాతాను వేఱొక కంప్యూటరునకును జతపఱుపవచ్చును. భర్తతో వ్యాజ్యమాడుచున్న స్త్రీ, వకీలుతో మాటాడుటకు ముందే తన ఖాతా ఏయే యంత్రములకు జతపడియున్నదో, తన ఫోను పాస్‌వర్డు ఎవరెఱుగుదురో చూచుకొనవలెను.

నాలుగవది కాగితము. బిడ్డల పేర్లు, చిరునామాలు, బ్యాంకు లెక్కలు ఎదుటివారికి కనబడరాదని వకీళ్లు వానిపై నల్లగీతలు పులుముదురు. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్టు వ్యాజ్యమున ఆయన వకీళ్లు అట్లే నల్లబఱచి దాఖలు చేసిన పత్రములో, ఆ నల్లని భాగమును నకలు తీసి వేఱొకచోట అతికించినంతనే లోని యక్షరములన్నియు బయటపడెను. తెఱపై పూసిన నలుపు అక్షరములను చెఱపదు. అది వానిమీద పఱచిన గుడ్డ వంటిది. అక్షరములనే తొలగించు ఏర్పాటును వాడవలెను. లేదా, అచ్చుతీసి, సిరాతో వెనుకవైపునుండియు కనబడనంతగ నల్లబఱచి, మరల స్కానుచేసి పంపవలెను.

ఐదవది సంతకము. దాఖలు చేయు పత్రములకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన డిజిటలు సంతకము ఉపయోగపడును. అది పెక్కుచోట్ల చిటికెనవ్రేలంతటి యొక కీలులో నుండును. దానిని రహస్యసంఖ్యతోకూడ గుమాస్తాకో తమ్మునికో ఇచ్చి, నా పక్షమున నీవు చేయుమనుట అనేకుల కలవాటు. ఆ కీలే నేటి రాక్షసముద్రిక. దానితో ముద్రపడిన ప్రతి కాగితమునకు జవాబు చెప్పవలసినది ముద్రిక గలవారే.

ఆఱవది గ్రంథశోధన. సుప్రీంకోర్టు 2023 జనవరినుండి తన తీర్పుల సంపుటములను ఈ-ఎస్‌సీఆర్ అను పేర ఉచితముగ చదువ వీలు కల్పించెను. వ్యాజ్యమునకు 16 అక్షరాంకముల సీఎన్ఆర్ అను సంఖ్య యుండును. దానిని ఈ-కోర్ట్స్ సేవలలో నింపినచో తరువాతి వాయిదా యెప్పుడో, గతవాయిదాలో ఏమి జరిగెనో కక్షిదారు తానే చూచుకొనవచ్చును. వాయిదా తేదీ కనుగొనుటకు బావగారిని బ్రతిమాలుకొనవలసిన స్త్రీకి ఇది యెంత స్వాతంత్ర్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కృత్రిమమేధ యను యంత్రమును నమ్మునప్పుడు మాత్రము జాగ్రత్త వలయును. అది ఏ మాట పిదప ఏ మాట పొసగునో లెక్కగట్టి వ్రాయునది. తనంతట తాను చెప్పినదెల్ల సత్యమని హామీ యీయజాలదు. న్యూయార్కున ఒక విమానసంస్థపై వ్యాజ్యము నడపిన వకీళ్లు, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగ కోర్టుకు చూపిరి. 2023 జూనులో న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా విధించెను. మూలము చూడక శ్లోకమును ఉదాహరింపరాదని మా తండ్రిగారు మాకు చిన్ననాడే నేర్పిరి. యంత్రమునకు కక్షిదారు కాగితములను చూపి సంగ్రహము వ్రాయుమనుట మఱియు నపాయము. అది యెఱుగనివాని చేత కాగితములు పెట్టుటయే.

కక్షిదారులకు మఱియొక మాట. బెదిరింపు సందేశములను, ఫోనులో పట్టిన మాటలను వకీలునకు పంపి, తమ ఫోనులోనివి తుడిచివేయువారు కలరు. అట్లు చేయరాదు. సాక్ష్య అధినియమమున 63వ సెక్షను ప్రకారము అట్టి సాక్ష్యముతో ఒక ధ్రువపత్రము జతచేయవలెను. అందు, పత్రమును మార్చలేదని చూపుటకు హ్యాష్ అను గుర్తుసంఖ్య వ్రాయబడును. ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును. కావున మొదట వచ్చిన ఫోనును, అందులోని సందేశమును వచ్చినది వచ్చినట్లుగ కాపాడుకొనవలెను.

ఇక మా యింట ఆ దినము పిమ్మట పెట్టుకొన్న కట్టుబాట్లు మూడు. గది తలుపునకు ఎఱ్ఱగుడ్డ కట్టియున్నప్పుడు ఇంట నిప్పంటుకొన్నను తప్ప ఎవ్వరును తట్టరాదు. అచ్చుతీసిన కాగితము ఏదైనను, ఎవరిదైనను, తిరగబెట్టియే చెల్లెలి చేతికీయవలెను. వకీలు పనిని గుఱించి "ఎవరిది? ఏమైనది?" అని భోజనముకడ అడుగరాదు. మూడవది మాకే కష్టమైనది. ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

ఒప్పుకొనవలసినది ఇంకొకటి కలదు. ఎఱ్ఱగుడ్డ రాకముందు మేము చెల్లెలిని, ఇంటనే యున్నది గదా యని, పొయ్యిమీద పాలు చూడుమని, కూరగాయలవానిని పిలువుమని దినమునకు పదిమాఱులు లేపియుంటిమి. మా వారు తమ గదిలో ప్రశ్నపత్రములు దిద్దుచుండగ ఒక్కమాఱైనను అట్లు లేపలేదు. ఇంట నుండుట వేఱు, ఇంటిపనికి అందుబాటుననుండుట వేఱు. ఆ భేదము తెలియని యింట ఎంతటి గొప్ప యంత్రమున్నను స్త్రీ న్యాయవాది పగలు వంటయు రాత్రి వాదమును చేయవలసినదే. నిద్రచాలని వకీలు చేతినుండియే ముద్రికలు జారును. ఆనాడు ఆ కాగితము తుడువక మఱచినది మా చెల్లెలే యైనను, ఆ ఘడియలో "బిడ్డ యేడ్చుచున్నది, త్వరగా రమ్ము" అని క్రిందినుండి కేక వేసినది మేమే.

ఉంగరము జారిన పిదప చందనదాసుడేమి చేసెనో కూడ జ్ఞప్తి చేసికొందము. చాణక్యుడు ధనము చూపెను, చావు చూపెను. ఆ వర్తకుడు శూలమునకు నడచెనేగాని తన్ను నమ్మి యింట చేరినవారిని చూపలేదు. వకీలు గల యింట మన పాత్ర అది.

మొన్న యొక శుభకార్యమున ఆ సోదరి మాకెదురుపడెను. మేము పలుకరింతుమో లేదో యని ఒక క్షణము నిలిచెను. మేము బిడ్డ దంతముల సంగతి యెత్తితిమి. ఆమె తన బిడ్డకు ఎన్నవ నెలలో వచ్చెనో చెప్పెను. ఇరువురమును మఱియేమియు ఎఱుగనివారివలె చాలసేపు మాటాడుకొంటిమి.